మధ్యబండ మీది నెమలి

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే తూర్పు అంచున పుట్టిన లేడిపిల్ల పడమటి అంచు చేరేసరికి మనవల్ని ఎత్తేది, కార్చిచ్చు కాపలా పక్షులది. ఎక్కడ పొగ లేచినా దగ్గరి పిట్ట కూసేది, అది విని నాలుగు దిక్కులా నాలుగు పిట్టలు అందుకునేవి. ఆ గోలకి మబ్బులు కూడా దారి మార్చుకునేవి.

సింహానికి మధ్యాహ్నం కునుకు కరువైంది. "ఒక్క పొగకి ఇన్ని గొంతులెందుకయ్యా?" అంది.

నక్క జంబుకయ్య ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. మంత్రి పీఠం ఖాళీగా ఉంది మరి.

"ఏలినవారు సెలవిస్తే ఒకే వరుస వేస్తాను. కొండకో పిట్ట, ఒకటి కూస్తే పక్క కొండది మాత్రమే అందుకుని సభ దాకా చేరవేయాలి. నడుమ, మధ్యబండ మీద నెమలి. దాని గొంతు కొండలు దాటుతుంది. వరుసలో లేనివాళ్ళు నోరు మెదపకూడదు."

తీతువు పిట్ట ఊరుకోలేదు. "నెమలి దగ్గరే కబురు ఆగిపోతేనో, బాబాయ్?"

"అపశకునపు పక్షివి. నీ నోట మంచిమాట ఎలా వస్తుందిలే."

సభంతా నవ్వింది. మిగతా పిట్టల్ని ఇళ్ళకు పంపేశారు.

ఎండాకాలం వచ్చింది. తూర్పున వెదుళ్ళు ఒరుసుకుని నిప్పు రాజుకుంది. జంబుకయ్య పెళ్ళాం పిల్లలు ఉండే బొరియ అక్కడే. మొదటి కొండ కాకి అరిచింది, రెండో కొండ గోరింక అందుకుంది. మధ్యబండ మీది నెమలి తలెత్తి చూసింది. ఆకాశమంత నల్లటి పొగ. నెమలి కదా, మబ్బే అనుకుంది. గోరింక అరుపు దాని చెవికెక్కితేనా? పురి విప్పి, "వానొస్తోందహో" అని కేకేసి ఆట మొదలెట్టింది.

ఆ కేకే మిగతా వరుసంతా నడిచి సభకి చేరింది.

"వాన కబురు కూడా తెస్తోందే నీ వరుస," అంటూ సింహం జంబుకయ్యని పీఠం ఎక్కించింది.

కూర్చున్నాడో లేదో, తూర్పుగాలిలో కమురు వాసన తగిలింది. ఊళ వేయబోయాడు.

"వరుసలో లేనివాళ్ళు నోరు మెదపకూడదన్నావుగా," అని సభలో ఉన్న ఎలుగుబంటి గుర్తుచేసింది.

జంబుకయ్య పరుగు తీశాడు. అతని నీడ ఆయాసపడి దారిలోనే కూలబడింది. చేరేసరికి బొరియ బూడిద. నిప్పుల్లోంచి దూకితే తోక సగం కాలింది. పెళ్ళాం పిల్లలు మాత్రం వాగులో మెడలోతు నీళ్ళలో ఉన్నారు. తీతువు పాత అలవాటు మానలేక కూసి లేపిందట.

"మీ వరుస కబురు రేపటికి అందుతుందేమోలెండి," అంది పెళ్ళాం.

మర్నాడు విచారణ. "లోపం ఎక్కడ, మంత్రీ?" అంది సింహం.

జంబుకయ్య కాలిన తోకని పీఠం కిందికి సర్దుకున్నాడు. "వరుసలో లోపం లేదు ప్రభూ. నిప్పే మబ్బులా కనబడి మోసం చేసింది. తీతువు మాత్రం అనుమతి లేకుండా కూసింది."

నీతి: ఒక్క తాడుకి వేలాడేవాడు ఆ తాడు గట్టిదని చెప్పక తప్పదు.