గంగూజ్లర్ పెట్టుకున్న స్థానికత అర్జీ

గంగూజ్లర్ అనే ఇంగ్లీషు మాట మంగళవారం పదకొండింటికి గోదావరి కాలవ మీది లాకుల ఆఫీసుకొచ్చి, స్థానికత పత్రం కోసం అర్జీ పెట్టుకుంది. పడవల మాటలకి ఆ పత్రాలిచ్చేది ఆ ఆఫీసే. కాగితాలన్నీ సవ్యంగా ఉన్నాయి. అందుకే సీనియర్ అసిస్టెంటు నూకరాజుకి అనుమానమొచ్చింది.

"అర్థం?" అన్నాడు.

"పనీపాటా లేకుండా గట్టున నిలబడి పడవల్ని చూసేవాడండి. ఇంగ్లండులో కాలవల మీద పడవలోళ్లు వెటకారానికి పెట్టిన పేరండి. ఇప్పుడు దేన్నయినా ఊరికే నోరెళ్లబెట్టి చూసేవోళ్లందరికీ వాడేత్తన్నారండి."

"పుట్టుక?"

"తేరిపార చూడ్డానికి అక్కడి లింకన్‌షైర్ యాసలో రెండు మాటలున్నాయంటండి. ఆ రెంటికీ పుట్టానంటారు. రూఢిగా ఎవరికీ తెలవదండి."

తల్లిదండ్రుల గడిలో 'అంటారు' అని రాస్తే చెల్లదు. అలాంటప్పుడు ఆ అర్థానికి సరిపోయే స్థానికుడొకడు సాక్షి సంతకం పెట్టాలి.

"ఈ కాలవలో పడవ తిరిగి ఇరవయ్యారేళ్లయింది. సాక్షి ఎక్కణ్ణించి వస్తాడు?"

"పడవలు లేకపోయినా చూసేవోళ్లున్నారు కదండి. తమరు పెట్టండి, చాలు."

నూకరాజు కిటికీ వైపునించి చప్పున మొహం తిప్పుకున్నాడు. పొద్దున్నించి భోజనాల వేళదాకా, ఆ తర్వాత టీ దాకా అతను కిటికీలోంచి కాలవ చూస్తాడన్న సంగతి దీనికెవరు చెప్పారు? విజిలెన్సువాళ్లే పంపుంటారు. దొంగమొహంది, ఎంత వినయంగా కూర్చుందో!

"పెట్టకపోతే?"

"అయిదింటికి నన్ను రిజిస్టర్లోంచి కొట్టేత్తారండి. నా అర్థం కిందికొచ్చేవోళ్లని కూడా."

"బెదిరిస్తున్నావా?"

"రూలండి."

సంతకం పెడితే నేరం ఒప్పుకున్నట్టే. నాలుగూ యాభైకి ఎర్రసిరాతో 'తిరస్కరించడమైనది' అని రాసి, నూకరాజు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. మాట నమస్కారం పెట్టి మెట్లు దిగిపోయింది.

మర్నాడు సీట్లో కూర్చుని ఫైలు తీయబోతే అతనికి తన చేతులు కనిపించలేదు. పక్క సీట్లో టైపిస్టు లేదు. లోపలి గదిలో సూపరింటెండెంటూ లేడు. వాళ్ల కిటికీలూ కాలవ వైపువే.

బయట సాగునీటి అర్జీలతో రైతులు పదకొండుమంది వరసలో ఉన్నారు. కొత్తగా వచ్చినావిడ కిటికీలోంచి తొంగిచూసింది.

"లోపలెవరూ లేరేంటి బాబాయ్?"

"ఉన్నాను! ఇక్కడే ఉన్నాను!" అని నూకరాజు గొంతు చించుకున్నాడు.

"ఎప్పుడూ ఇంతేనమ్మా," అన్నాడు ముందున్న ముసలాయన, తలైనా తిప్పకుండా. "నా ఎనకాల నిలబడు."

ఆవిడ నిలబడింది.