ఎలియామని మాస్టారి కిబో దండయాత్ర

భూమధ్యరేఖకు దక్షిణాన మూడు డిగ్రీల దూరంలో, పందొమ్మిది వేల మూడువందల అడుగుల పైచిలుకు ఎత్తున, మేఘమండలాన్ని నడుముకు ఉత్తరీయంగా చుట్టుకొని, ఉదరంలోని అగ్ని చల్లారినా అహంకారం మాత్రం చల్లారని కిబో మహాగిరి కొలువుతీరి ఉండగా, ఆగస్టు మాసపు పొడిగాలి కాఫీ తోటల మీదుగా వీచుచుండగా, మరాంగు గ్రామంలో అరటివనాల నీడన మ్బెగె కల్లు కుండ చుట్టూ పెద్దలు ఆసీనులై ఉండగా ఈ గాథ ఆరంభమైనది. ఓ ప్రాణవాయువా! ఆ ఎత్తున నీవు మాకు సగమే దొరికితివి. దీనిని చెప్పునంతసేపైనా పూర్తిగా నా వెంట ఉండుము.

ముందుగా ఒక్క మనవి. ఈ గాథలోని వీరుడూ, దీనిని గానం చేయుచున్న వందిమాగధుడూ ఒక్కరే. ఆ పనికి మరెవ్వరూ ముందుకు రానందున, మరాంగు బడిలో ముప్పయ్యారేళ్లు భూగోళశాస్త్రం బోధించి విశ్రమించిన అరవై ఏడేళ్ల ఎలియామని మ్టూయి అను నేను, స్వీయ పరాక్రమాన్ని స్వీయ కంఠంతోనే కీర్తించుకొనవలసి వచ్చింది. కంఠం బాగానే ఉన్నది. పరాక్రమం సంగతి మీరు తేల్చవలెను.

సుద్దముక్కాయుధుడనై, నల్లబల్లరణరంగవిహారినై, ఏటేటా కిబోను గీసి, దాని శిరస్సున ధవళహిమకిరీటం అమర్చి, ఎత్తును అడుగుల్లోనూ మీటర్లలోనూ వల్లెవేయించి, వేలాది పసిమెదళ్లలో ఆ కొండను ప్రతిష్ఠించిన నేను, దాని మొదటి మలుపు దాటి ఎరుగను. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఎవ్వరికీ తెలియదని నేననుకొంటూ ఉండేవాడిని.

ఆనాడు కల్లుకుండ దగ్గర నేను అగ్నిపర్వతోత్పత్తి గురించి ప్రసంగం ఆరంభించి పావుగంట అయ్యేసరికి, నా ఈడువాడు, నలభై ఏళ్లు యాత్రికుల మూటలు నెత్తిన మోసి శిఖరాన్ని ఇంటి పెరడులా తొక్కినవాడు అయిన మంగేషో, సొరకాయ బుర్రను కింద పెట్టి నోరు విప్పాడు.

"ఏమోయ్ మాస్టారూ, పైన మట్టి ఏ రంగో చెప్పు చూద్దాం."

"లావాజన్యమైన ధూసరవర్ణము," అన్నాను.

"పుస్తకంలో రంగు కాదయ్యా. నీ బూటుకి అంటిన రంగు."

సభ గొల్లుమంది. పొట్ట పట్టుకొని నవ్వినవారిలో నా సొంత బావమరిది కూడా ఉన్నాడు.

"ముప్పయ్యారేళ్లు సుద్దముక్కతో ఎక్కావు," అన్నాడు మంగేషో. "కాళ్లతో ఎక్కేదాకా ఇక ఆ కొండ ఊసెత్తకు. మా చెవులకీ కాస్త విశ్రాంతి కావాలి. ఒప్పుకుంటావా?"

చదువరులారా, ఇది చిన్న శిక్ష కాదు. అన్నం మానమంటే మానెదను. కల్లు మానమంటే రెండు రోజులు మానెదను. కిబో గురించి మాట్లాడవద్దంటే, నాయందు మిగిలేది ఒక కళ్లజోడు, ఒక గొడుగు మాత్రమే. అందుచేత లేచి నిలబడి, కుడిచేయి శిఖరం వైపు చాచి, ఇట్లు గర్జించితిని:

"వినుము మంగేషో! వినుడు సభాసదులారా! ఏ గిరిరాజమును నా రసనాగ్రమున ముప్పయ్యారు వత్సరములు మోసితినో, దాని శిరోభాగమున నా పాదద్వయము మోపెదను! మోపనినాడు యావజ్జీవము ఆ పర్వతనామము నా నోట వినబడదు! ఇది ప్రతిజ్ఞ!"

"సరే సరే, ముందు బూట్లు కొనుక్కో," అన్నాడు మంగేషో. "ఆ బడి చెప్పులతో పోతే మొదటి బస దగ్గరే అరికాళ్లు ఊడొస్తాయి."

నా దండయాత్రకు దారి చూపేందుకు కుదిరిన వనిత ఐకరువా. పూర్వం నా తరగతిలో చివరి బల్ల మీద కూర్చున్నది. బడికి ఆలస్యంగా వచ్చుచున్నదని ఆమెను నేను ఎండలో నిలబెట్టిన దినాలు అసంఖ్యాకం. ఇప్పుడు నలభై రెండేళ్లది. కొండదారిలో ఆమె మాటే శాసనం. దారి చూపేవారిని దాటి ఎవ్వరూ అడుగు వేయరాదన్నది అక్కడి ఆచారం. ఆ నడకో, నిండు కుండ నెత్తిన పెట్టుకొన్నవారి నడక.

"పోలే పోలే, మాస్టారూ," అన్నది ఐకరువా. "నెమ్మదిగా. తొందరేం లేదు."

"ఆలస్యము నీకు చిన్ననాటి అలవాటు, అమ్మాయ్. నాకు లేదు."

అని పలికి, కాననాంతరాళంలో జ్యాముక్తబాణం వలె దూసుకుపోయితిని! దట్టమైన అడవిలో ఒక జర్మను దంపతులను దాటితిని. ఊతకర్రల చప్పుడుతో సాగుచున్న ఆరుగురు పరదేశీయుల దండును దాటితిని. మండారా బస వద్దకు అందరికన్నా గంట ముందే చేరి, ఖాళీ బల్ల మీద ఏకైక విజేతనై కూర్చుంటిని. వెనుక నుంచి మూట మోస్తూ వచ్చిన ఒకడు మాత్రం నన్ను దాటిపోతూ, "పెద్దాయనా, కొండ ఎక్కడికీ పారిపోదులే!" అన్నాడు. ఆ దుర్భాషను చరిత్రలో నమోదు చేయదలచుకోలేదు.

రెండవనాడు హోరోంబో బస. అక్కడ అందరూ ఒక రోజు ఆగెదరు.

"ఒంటికి ఎత్తు అలవాటు కావాలి మాస్టారూ," అన్నది ఐకరువా. "రేపు ఆగి ఎల్లుండి వెళదాం."

"పరదేశీయులకు అలవాటు కావలెను. నేను ఈ కొండ పాదాన పుట్టినవాడను. కన్నతల్లి ఇంటికి పోవుటకు పరిచయపత్రమెందుకు?"

తరగతి గది జ్ఞాపకం వచ్చినదో ఏమో, ఆమె మూట సర్దుటకు లేచింది.

మరునాటి సాయంకాలానికి, పదిహేనువేల అడుగుల పైన కిబో బస గడప మీద, కన్నతల్లి తన కుమారుణ్ణి ఆదరించిన విధం వర్ణనాతీతం. శిరోవేదనాసురుడు కణతలపై ఢంకాలు మోగించాడు. ప్రపంచం గిరగిర తిరిగింది. సకలశాస్త్రపారంగతుడైన వీరుడు ఒక బండరాతి చాటున మోకాళ్లపై వాలి, ఉదయం తిన్న గుడ్డును పర్వతానికి సమర్పించాడు. ఐకరువా తెల్లవారగానే నా జబ్బ పట్టుకొని, వచ్చిన దారినే హోరోంబోకు దింపి, రెండు రోజులు మంచానికి అంకితం చేసింది. కిందికి దిగుచున్న నా పక్కగా జర్మను దంపతులు నిండు కుండ నడకతో పైకి పోవుచు చేయి ఊపారు. నేనూ ఊపితిని. అంతకన్నా ఏమి చేయగలను?

తల తేలికైన మీదట మళ్లీ కిబో బసకు చేరితిమి, ఈసారి ఆమె వెనుక, ఆమె నడకతో. తలనొప్పి రాలేదు. ఆకలి కూడా రాలేదు. మధ్యాహ్నం ఐకరువా నా ముందర పొగలు కక్కుచున్న గిన్నెడు రాగిజావ పెట్టింది.

"ఇది ఖాళీ అయితే తెల్లవారి పైకి. మిగిలితే కిందికి. ఇక్కడ తినలేనివాళ్లు పైన నిలబడలేరు. అందరికీ ఇదే రూలు."

"నేను నీ గురువును, ఐకరువా."

"అందుకే ఆ రోజు హోరోంబోలో మీ మాట విన్నాను. అది నా తప్పు. చెంచా పట్టుకోండి."

ఇక సంగ్రామం. అటు చూడగా తామ్రవర్ణశోభితమై, మీగడకవచధారియై, దుర్నిరీక్ష్యమై నిలిచిన జావ. ఇటు చూడగా ఏకచెంచాసహాయుడనై నేను. మొదటి చెంచా కంఠద్వారం వరకు పోయి, అక్కడ శత్రుకోటను చూచి వెనుదిరిగింది. రెండవది బలవంతాన చొచ్చుకుపోయింది. మూడవ చెంచాకు కళ్లలో నీళ్లు, నాల్గవదానికి చెమట. ఐదవదాని వద్ద సంధిప్రయత్నం చేసితిని: "సగముతో సరిపెట్టుకొనరాదా?" ఐకరువా తల అడ్డంగా ఊపింది.

ఆమె వేడినీళ్లకై లోపలికి పోయిన క్షణాన, ధర్మయుద్ధం వీడి కపటయుద్ధానికి పాల్పడితిని. గడప ముందర తెల్లమెడ కాకి ఒకటి తచ్చాడుచుండగా, రెండు చెంచాలు దాని ముందర ఒలికించితిని. ఆ ఖగేంద్రుడు ముక్కు వంచి, వాసన చూచి, నా వైపొకసారి జాలిగా చూచి ఎగిరిపోయాడు.

"కాకి కూడా వద్దంది మాస్టారూ," అన్నది వెనుక నుంచి ఐకరువా. ఎప్పుడు వచ్చినదో తెలియదు. మరి రెండు చెంచాలు గిన్నెలో పోసి, నా పక్కనే నిలబడింది. "నేను మూడో తరగతిలో గంజి వదిలేస్తే మీరిలాగే పక్కన నిలబడ్డారు. గంట కొట్టి అందరూ ఇళ్లకి పోయారు. మీరు పోలేదు."

"తాగితివా?"

"తాగాను. ఏడుస్తూ తాగాను. ఆ వేళ మా ఇంట్లో పొయ్యి వెలగలేదని మీకు ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలీదు."

నాకు ఎవరూ చెప్పలేదు. నేను కేవలం క్రమశిక్షణ కొరకు నిలబడితిని. ఈ సత్యాన్ని ఆమెకు చెప్పుటకన్నా జావ మింగుట సులభంగా తోచినందున, గిన్నె ఎత్తి, కళ్లు మూసి, గటగట తాగితిని. చివరి బొట్టు వరకు! బసలో ఉన్న వంటవాడు చప్పట్లు కొట్టాడు. ఐకరువా గిన్నెను బోర్లించి చూచి, "రేపు తెల్లవారి," అన్నది.

వెలుగురేఖలతోనే బయలుదేరితిమి. ఆ జారుడు గుళకరాళ్ల వాలు మీద రెండడుగులు ఎక్కినచో ఒక అడుగు వెనక్కి. ఐకరువా బూటు విడిచిన గుంటలోనే నా బూటు పెట్టుచు, ఆమె ఆగిన చోట ఆగుచు, ముప్పయ్యారేళ్లలో ఏ విద్యార్థీ నన్ను అనుసరించనంత విధేయంగా ఆమెను అనుసరించితిని. అగ్నిముఖపు అంచు చేరి, అక్కడి నుంచి మరో గంటన్నర నడచి, మధ్యాహ్నవేళకు శిఖరాగ్రాన నిలిచితిని.

చుట్టూ చూచితిని. నేను నల్లబల్ల మీద దండిగా పూసిన మంచు అక్కడ లేదు. దూరంగా రెండు మూడు గోడల వలె మిగిలినది కొంత. తక్కినదంతా బూడిద, రాయి, ఆకాశం. ఇన్నేళ్లుగా నేను పిల్లలకు పంచి ఇచ్చిన మంచు అంతా నా సుద్దముక్కదేనని అక్కడ తెలిసింది.

ఐకరువా ఫోను తీసి మంగేషోకు కలిపి, నా చెవికి ఆనించింది.

"ఎక్కావా?" అన్నాడు మంగేషో. వెనుక సభ అంతా ఉన్నట్లు వినబడింది. "మాట్లాడవయ్యా మరి! నోరు తెరిచే హక్కు నీదే ఇక!"

ఆహా! ఈ ఘడియ కొరకే నేను నలభై నిమిషాల ప్రసంగం సిద్ధం చేసి ఉంటిని. అగ్నిపర్వతోత్పత్తి, శిలాభేదములు, మేఖలాక్రమమున వృక్షజాతులు. గొంతు సవరించుకొని, రొమ్ము విరిచి, నోరు తెరచితిని. లోపల గాలి లేదు. ఎక్కడ వెదకినా లేదు.

"చలి," అన్నాను.

"ఇంకా?"

చాలాసేపు కూడబెట్టుకొని, "గాలి," అన్నాను.

అవతల సొరకాయ బుర్ర కింద పెట్టిన చప్పుడైంది.

"బాగా చెప్పావయ్యా," అన్నాడు మంగేషో, వేళాకోళం లేకుండా. "ముప్పయ్యారేళ్లలో మొదటిసారి ఒక్క తప్పు లేకుండా చెప్పావు."

కావున, దిక్పాలకులారా, మరాంగు పెద్దలారా, జర్మను దంపతులారా, ఎల్లరూ ఎరుగుడు! ఎలియామని మ్టూయి కిబో మహాపర్వతం గురించి రెండు మాటలు పలికినాడు. రెండూ నిజమే!