ఎండాల్సిన మడి

సౌదీలో ఉనైజా ఊళ్లోని ఒక దోస తోట ఆ ఏడాది రెండు విధాలుగా పసుపు రంగులో ఉండేదని పాఠకులకు సవినయ మనవి. కొలువుల్లో ఇంతమంది సౌదీలు ఉండాలనే నితాఖాత్ లెక్క ప్రకారం, వాళ్లు చాలక కంపెనీకి పడిన హెచ్చరిక రంగు పసుపు. ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టిన నేలలో వేసినందున మొక్కలూ పసుపు. మొదటి రోగాన్ని తోట యజమాని, కూలీల వీసాలకు పూచీదారు అయిన కఫీల్ అబూ సాలెహ్ సులువుగా నయం చేశారు. రియాద్‌లో ఉండే బావమరిదిని కాగితం మీద తోటకు డైరెక్టరుగా వేశారు. ఆయన ఏనాడూ తోట మొహం చూడలేదు గనుక ఆయన హయాంలో ఏ పొరపాటూ జరగలేదు.

రెండో రోగానికి కర్నూలు నుంచి మొక్కల శాస్త్రవేత్త డాక్టర్ దస్తగిరి వచ్చారు. మట్టిలో సీసం, కాడ్మియం ఉన్నాయనీ, సిలికాన్ మందు పోస్తే అది వేళ్లలో గట్టిగా పేరుకుని విషాన్ని చాలావరకు పైకి ఎక్కనీయదనీ చెప్పారు. సిలికాన్ ఇసుకలోనే ఉంటుందని విని కఫీల్ చుట్టూ ఉన్న ఎడారిని ఒకసారి పరికించారు. ఇసుకను మొక్క తాగలేదని తెలిశాక, డబ్బాలు విదేశం నుంచి తెప్పించారు. ఎడారికి ఇసుక సారం దిగుమతి చేసిన ఘనత ఆ తోటదే.

పరీక్షకు రెండు మడులు వేశారు. ఒకదానికి మందు, రెండోదానికి ఉత్త నీళ్లు. పని జగిత్యాల భోజన్నది. విదేశీ కూలీల మీద లెవీ పన్ను పెరిగి, అక్కర లేదనిపించిన వాళ్లకల్లా ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తున్న రోజులవి.

"ఆ ఉత్త నీళ్ల మడి ఎండల్ల భోజన్నా. అది ఎండితేనే మందు గెలుస్తాది, నీ కొలువు పచ్చగుంటాది" అని చెప్పి దస్తగిరి సెలవు మీద ఊరికెళ్లి, పెద్దలు పరీక్ష చూడవచ్చిన రోజుకు తిరిగొచ్చారు.

రెండు మడులూ పోటీపడి కాశాయి. పసుపుగా ఉన్నది దస్తగిరి మొహం ఒక్కటే.

"ఏం చేసినావప్పా?" అని భోజన్నను పక్కకు లాగారు.

"ఎండుతుంటె సూడబుద్ధి గాలె సారూ. ఒక పిల్లకు బువ్వ వెట్టి ఇంకో పిల్లను పస్తు పండవెడ్తమా? దీనిక్కూడ మందు పోసిన. పంపిస్తె పంపియ్యుండ్రి."

శాస్త్రం మీద గౌరవంతో దస్తగిరి నిజం కఫీల్ చెవిన వేశారు. కఫీల్ భోజన్న ఇకామా, అంటే నివాస అనుమతి కార్డు, తెప్పించారు. అందులో వృత్తి ఒంటెల కాపరి.

"ఒంటెల కాపరి మొక్కలకు మందు పోశాడంటే కంపెనీకి జరిమానా. కాబట్టి అతను పోయలేదు" అని తీర్పిచ్చి, ఆయన అతిథుల వైపు తిరిగారు. "మాన్యులారా! మందు లేకుండానే రెండో మడి పచ్చబడింది. ఇది ఈ నేల మహిమ, రియాద్‌లో ఉన్న మా డైరెక్టరు గారి దూరదృష్టి!"

చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది, కొలువు దక్కిన భోజన్న.

మందు అనవసరమని రుజువైంది గనుక మరుసటి పంటకు ఆపేశారు. "ఇవి తినద్దండప్పా" అని దస్తగిరి చెప్పడంతో కూలీల క్యాంపు వంటలో దోస మానేశారు. ఆకులు పసుపెక్కాయి గానీ కాయలు నునుపుగా, ముచ్చటగా దిగి బజారుకెళ్లాయి.

శుక్రవారం సెలవు నాడు మనమంతా ఆ బజారులోనే ఉన్నాం. ఏ మట్టిలో కాశాయని ఒక్కరమూ అడగలేదు. గోటితో గిచ్చి, లేతవేనని తేల్చుకుని, పైన ఒక కాయ కొసరు వేయించుకుని మరీ ఇంటికొచ్చాం.