సందుకు సరిపోని కారు

మా సందులో మూడో ఇంటి సర్వేయరుగారు చిన్న కారు కొనబోతున్నారన్న దుర్వార్త పొక్కగానే, ఆ ప్రమాదాన్ని నివారించేందుకు ఆయన బంధువర్గం ఆదివారం ఉదయం పది గంటలకు అత్యవసరంగా సమావేశమైంది. పక్కింటివాణ్ణి కనుకా, కుర్చీలు చాలక మా ఇంట్లోంచి రెండు పట్టుకెళ్లారు కనుకా, నేనూ హాజరయ్యాను.

అసలు కారు అవసరం ఎవరిదో ముందుగా మనవి చేసుకోవాలి. సర్వేయరుగారి భార్య పద్నాలుగు కిలోమీటర్ల దూరంలోని బళ్లో టీచరు. రెండు బస్సులు మారాలి. కిందటేడు కదిలే బస్సులోంచి పడి మోకాలు విరగ్గొట్టుకుంటే, లోపల మరలు వేసి బిగించారు. ఇంకో ఏడాది ఇలాగే బస్సులో నిలబడి వెళ్తే కర్ర లేకుండా నడవలేవమ్మా అని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆవిడ ఏడ్చి ఊరుకునే రకం కాదు. డ్రైవింగ్ నేర్చుకుంది. మొదటి ప్రయత్నంలోనే లైసెన్సు తెచ్చుకుంది. నలుగురు పట్టే బుల్లి కారు ఒకటి ఎంచుకుంది. లీటరుకు ఇరవై నాలుగు కిలోమీటర్లు ఇస్తుందట. సందులో సుద్దముక్కతో దాని కొలతలు గీసి, గోడ వారగా ఆపితే ఓ పక్క తలుపులు తెరుచుకుంటాయని కూడా చూసుకుంది. ఇంత ఆలోచించి కారు కొనే మనిషిని ఏ కుటుంబం మాత్రం సహిస్తుంది?

సభాధ్యక్షులు సర్వేయరుగారి బాబాయి. రిటైర్డ్ సూపరింటెండెంటు. ముప్ఫై ఏళ్లపాటు ఫైళ్లను కదలనివ్వని అనుభవం ఆయనది. గొంతు సవరించుకుని ఇలా సెలవిచ్చారు:

"ఒరే అబ్బాయ్, కారనేది ఎక్కడానికి కాదురా, దిగడానికి! ఎక్కేటప్పుడు ఎవడు చూస్తాడు? దిగేటప్పుడు నలుగురూ చూస్తారు. ఆ అగ్గిపెట్టెలోంచి నువ్వు నడుం వంచుకుని దిగితే మన వంశం ఏమైపోవాలి?"

వంశం పరిస్థితి తలుచుకుని అందరూ సంతాపం తెలిపారు.

తర్వాత మందుల షాపు యజమాని అయిన బావగారు రెండో అంశం లేవనెత్తారు. "మా ఇంటిల్లిపాదీ వస్తే ఎక్కడ కూర్చోబెడతావు బావా? డిక్కీలోనా?" పదకొండేళ్లలో వారు వచ్చింది రెండుసార్లు. రెండుసార్లూ సొంత కారులోనే వచ్చారు.

టీచరమ్మ కాఫీలు అందిస్తూ, "మీరెప్పుడో ఒకసారి వస్తారు అన్నయ్యగారూ, నేను రోజూ వెళ్లాలి కదా," అంది. ఈ వ్యాఖ్యను అసందర్భమైనదిగా పరిగణించి, ఇంకొంచెం పంచదార కావాలని అడిగారు.

సర్వేయరుగారు ఊళ్లో అందరి స్థలాలనూ అంగుళం తేడా రాకుండా కొలిచే మనిషి. టేపు పట్టుకుని లేచారు. "సందు ఏడడుగుల నాలుగంగుళాలు బాబాయ్. మీరు కొనమనే ఏడు సీట్ల బండి అద్దాలతో కలిపి ఏడడుగుల ఒకంగుళం. లోపలికొస్తుంది గానీ తలుపులు తెరుచుకోవు."

సభ ఈ నివేదికను క్షుణ్ణంగా పరిశీలించి, తప్పు సందుదేనని ఏకగ్రీవంగా తీర్మానించింది. సందును వెడల్పు చేయమని మునిసిపాలిటీకి అర్జీ పెట్టాలనీ, ఈలోగా పెద్ద కారు కొనెయ్యాలనీ నిర్ణయమైంది. సర్వేయరుగారు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు.

కారు వచ్చింది. ఏడు సీట్లు, లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు. ముందు షోరూం డ్రైవరు పక్కన బాబాయిగారు, వెనక బావగారి పరివారం. ఇంటి ముందుకొచ్చి ఆగింది. తలుపులు తెరుచుకోలేదు. సర్వేయరుగారి లెక్క అంగుళం కూడా తప్పలేదు గానీ, ఆయన్ను అభినందించే తీరిక ఎవరికీ లేకపోయింది. సందు సందంతా గుమిగూడింది. దిగడానికే కారన్న బాబాయిగారు నలభై నిమిషాలు లోపలే కూర్చుని, "లోపలెంత విశాలంగా ఉందో తెలుసా!" అని కిటికీలోంచి మాకు ధైర్యం చెప్పారు. చివరికి వెనక్కి నడిపి, రెండు పక్కలా గోడల సున్నం కాస్త అంటించుకుని, మెయిన్ రోడ్డు మీద బస్టాపు పక్కన నిలిపారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

అంత పెద్ద బండిని ఆడవాళ్ల చేతికివ్వడం క్షేమం కాదని కుటుంబం మరో తీర్మానం చేసింది. రద్దీలో దాన్ని నడపాలంటే సర్వేయరుగారికి కాళ్లూ చేతులూ ఆడవు. కాబట్టి కారు కదలదు. కదలదు కాబట్టి చుక్క ఇంధనం ఖర్చు కాదు. ఇంధనం ఆదా చేసే కారు కావాలన్న టీచరమ్మ కోరిక ఈ విధంగా పరిపూర్ణంగా నెరవేరింది. అయినా ఆవిడ ముఖంలో సంతోషం కనబడలేదు.

ఒక ఉదయం బస్సు ఆలస్యమైంది. కాలు లాగేస్తుంటే ఆవిడ కారుకు ఆనుకుంది. కారు కుయ్యోమొర్రోమని అరవడం మొదలెట్టింది. సర్వేయరుగారు సగం గీసుకున్న గడ్డంతో పరుగెత్తుకొచ్చారు.

"దానికి ఆనుకోకే, గీతలు పడతాయి!"

"మరి నేను దేనికి ఆనుకోనండీ?"

ఆయన భుజం మీది తువ్వాలుతో ఆవిడ ఆనుకున్న చోటు తుడిచారు. నాకు ఒళ్లు మండిపోయింది. అయితే అది వాళ్ల కుటుంబ వ్యవహారం కనుక, కారు రంగు భలే ఉందని మెచ్చుకుని నా దారిన నేను పోయాను.

ఇక లాభం లేదనుకుని టీచరమ్మ, ఇంటికి నాలుగడుగుల దూరంలో ఉన్న బడికి బదిలీ చేయమని దరఖాస్తు పెట్టుకుంది. డాక్టరు సర్టిఫికెట్ జతచేసింది. కాలు దక్కాలన్నా, ఉద్యోగం దక్కాలన్నా ఆవిడకు మిగిలింది అదొక్కటే దారి. పైవాళ్లు న్యాయంగా విచారణకు ఆదేశించారు. విచారణాధికారి స్వయంగా వచ్చి, బస్టాపు దగ్గర దిగి, కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, టైర్లు తట్టి చూశారు. తర్వాత మమ్మల్ని పిలిచి, ఈ వాహనం టీచరుగారి కుటుంబానిదేనా అని అడిగారు. అబద్ధం ఎలా చెప్తాం? సందంతా అవునని సంతకాలు పెట్టింది. మొదటి సంతకం నాది.

'ఏడు సీట్ల సొంత వాహనం కలిగియుండియు రవాణా సౌకర్యం లేదనుట సత్యదూరము' అని రాసి దరఖాస్తు తిరస్కరించారు. టీచరమ్మ ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, కొత్తగా కొన్న చేతికర్ర ముందు మెట్టు మీద ఆనించి, బస్సెక్కింది.

ఆవిడ రోజూ బస్సులోనే వెళ్తుందని ఆ అధికారితో ఒక్క మాట అనలేకపోయావా అని మీరు నన్ను నిలదీయవచ్చు. ఆయన అడగలేదండీ. ఆవిడ నిలబడేది సరిగ్గా ఆ కారు పక్కనే. అటు వెళ్లినప్పుడు మీరు మాత్రం చేసేదేమిటి? ఆగి, కారును ఎగాదిగా చూసి, "బండి అదిరిందండీ, ఎవరిదో తెలుసా?" అని ఆవిణ్ణే అడుగుతారు.