ఒక్క పూటలో నాలుగు కాలాలు

ఆ ఆదివారం భోజనాల వేళలోపు నాలుగు కాలాలూ పూర్తి చేసెయ్యాలని ఫుమియె గారు పొద్దున్నే నిర్ణయించారు.

ఆవిడ కొడుకు కత్సుహికో జపాన్‌లోని సకతా రేవులో ఐసు మిషన్లు బాగుచేస్తాడు. నలభై మూడో ఏట అతనికి పెళ్లి కుదిరింది. పిల్ల సరంగెరెల్ మంగోలియా నుంచి వచ్చి చేపల ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. ఆమె పని వీసా అక్టోబరుతో సరి. వెనక్కి వెళ్లిపోతే ఇతను పిలిపించుకోవచ్చు, కానీ ఎన్నాళ్లు పడుతుందో తెలియదు. ఇక్కడే పెళ్లి నమోదు చేయించుకుని భార్య వీసాకు మారవచ్చు, కానీ అది ఉత్తుత్తి పెళ్లి కాదని నమ్మించాలి. రెండోదే నయమనీ, అన్ని కాలాల్లో కలిసి దిగిన ఫొటోలుంటే మంచిదనీ వీసా కాగితాలు రాసే ఆయన చెప్పాడు.

వీళ్లకున్నవి రెండే. కెమెరా కనబడితే కత్సుహికో మొహం చాటేస్తాడు.

"రెండేళ్లు తిరిగి రెండు ఫొటోలా? చీకట్లో తిరిగారట్రా?" అన్నారు ఫుమియె గారు.

"దొంగ ఫొటోలు ఎందుకే అమ్మా?"

"కాలం ఒక్కటే దొంగదిరా. పిల్ల నిజమేగా. ఈ కోటు తొడుక్కో."

బయట ఆగస్టు ఎండ. కాగితం పూలతో వసంతం, ఆ తర్వాత ఎండాకాలం, ఆకురాలు కాలం సాఫీగానే గడిచాయి. చలికాలానికి ఉన్నికోటు, మఫ్లరు తొడిగి, తల మీద దూది చల్లి పావుగంట నిలబెట్టి ఫొటో తీసేసరికి కత్సుహికో కళ్లు తిరిగి పడిపోయాడు. సరంగెరెల్ అతణ్ణి గొర్రెపిల్లలా భుజాన వేసుకుని, దారంతా ఏడుస్తూ ఆసుపత్రికి పరుగెత్తింది. ఎదురింటావిడ అది ఫొటో తీసింది.

సాయంత్రానికి అతను పోయాడనుకుని ఇరుగుపొరుగు అగరొత్తులతో పరామర్శకు వచ్చారు. తలుపు తీసింది కత్సుహికోయే. మర్నాడు ఊరి పేపర్లో ఆ ఫొటో పడింది: "మండుటెండలో ఉన్నికోటు మనిషి, మోసుకెళ్లిన మంగోలియా వనిత."

పెళ్లి నమోదయింది. కొడుకు వద్దన్నా వినకుండా ఫుమియె గారు ఆ నాలుగు కాలాలనూ కాగితాల్లో దూర్చేశారు. మూడు వారాలకు వీసా ఆఫీసు నుంచి ముగ్గురికీ పిలుపొచ్చింది.

అధికారి చలికాలం ఫొటో పక్కన పేపరు ముక్క పెట్టాడు. అదే కోటు, అదే మఫ్లరు.

"ఈ మంచు ఏ నెలలో పడిందండీ?"

తేడా వస్తే విమానం ఎక్కాల్సింది సరంగెరెలే. కత్సుహికో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఫుమియె గారు లేచి నడుము వంచి నమస్కరించారు.

"అది దూదండీ. వాళ్లు వద్దంటూనే ఉన్నారు, బుద్ధి లేనిది నాకే. పంపితే నన్ను పంపించెయ్యండి."

"మిమ్మల్ని ఎక్కడికి పంపమంటారమ్మా?"

"మంగోలియాకైనా సరే."

అధికారి కాసేపు తల వంచుకుని కాగితాలు సర్దాడు. "రెండు ఫొటోలు చాలని ఫారంలోనే ఉంది కదమ్మా" అంటూ అసలువి రెండూ ఉంచుకుని, కాలాలన్నీ తిరిగి ఇచ్చేశాడు. పేపరు ముక్కను మాత్రం ఫైల్లో పెట్టుకున్నాడు.

"ఉత్తుత్తి పెళ్లాలు అంత దూరం మొయ్యరు లెండి."

వీసా ఒక ఏడాదికి వచ్చింది. అత్తగారు మాత్రం శాశ్వతం.