జరగని పెళ్ళికి రసీదు

శారదా చట్టం వచ్చిన మరుసటి మాఘమాసంలో, ఒక బుధవారం ఉదయం కాఫీ తాగుతూ, బరంపురం పసుపు వ్యాపారి కాశీవిశ్వనాథం భార్యను పరాయి దేశం తీసుకువెళ్ళాలని నిశ్చయించుకున్నాడు.

ఇది మోజు కాదు, పాత బాకీ. ఆయన వదిన సత్యవతి ఓడెక్కి బర్మాలో రంగం వెళ్ళివచ్చి, రెండేళ్ళుగా కూరలో ఉప్పు ఎక్కువైనా రంగం పేరే ఎత్తుతోంది. ఆయన భార్య కమలాకుమారి ఇచ్ఛాపురం దాటి ఎరగదు. కడుపుతో ఉన్నప్పుడు ఏం కావాలని అడిగితే, "నాకూ ఒక పరాయి దేశం సూపించండి" అంది. సరేనన్నాడు. ఇప్పుడు పిల్ల వాసవికి ఎనిమిదో నెల. చంటిపిల్లతో ఓడ ఎక్కడం కుదరదు. ఓడ లేకుండా వెళ్ళాలి. జెండా వేరే ఉండాలి. అక్కడివాళ్ళ మాట తనకు అర్థం కావాలి, లేకపోతే బేరంలో ముంచేస్తారు. ఇవన్నీ కుదిరిన దేశం భూమ్మీద ఆయనకు ఒకటే కనిపించింది: యానాం.

"నిజంగా పరాయి దేశవేనా? మోసం లేదు గదా?" అంది కమల.

"ఫ్రెంచోళ్ళ జెండా, ఫ్రెంచోళ్ళ పోలీసు. ఇంకేటి కావాలి? రంగాన్నేలేది మనల్నేలే దొరలే. లెక్క ప్రకారం మా వొదిన ఇంకా దేశం దాటనే లేదు."

ఆ ముక్కతో కమల ముఖం వెలిగింది. కాశీవిశ్వనాథం మిగతా లెక్క చెప్పాడు. సముద్రాన్ని ఎడమచేతి వైపు పెట్టుకుని అద్దె కారులో రోడ్డున పోవడమే. టెక్కలిలో, విజయనగరంలో, తునిలో బంధువుల ఇళ్ళున్నాయి; ఒక్కో ఇంటికి ఒక పసుపు సంచి ఇస్తే పడకా భోజనమూ జరిగిపోతాయి. పిల్లకు పాలు కాచుకోవడానికి గిన్నెలు వెంట తీసుకువెళతారు. ఇందులో ఖర్చుకు దారి ఒకటే ఉంది. విషయం ఇద్దరికి తెలిస్తే పదిమంది కారెక్కుతారు.

"ఎవుళికీ సెప్పకు. పక్కింటి బుల్లమ్మకి అసలే వొద్దు. మా అమ్మకీ వొద్దు. తిరిగొచ్చినాక సెప్దాం."

మాఘమాసం ఎందుకంటే కొత్త పసుపు బజారుకు రావడానికి ఇంకా వ్యవధి ఉంది, చంటిపిల్లకు ఎండ బాధ కూడా ఉండదు. ఆయన మాఘమాసాన్ని పసుపు లెక్కలో చూశాడు. ఊరు ముహూర్తాల లెక్కలో చూసింది.

అద్దె కారు తోలే సూరయ్య దగ్గర బేరం పదిహేను నిమిషాల్లో తెగింది. అంత తేలిగ్గా తెగడమే కాశీవిశ్వనాథానికి నచ్చలేదు.

"ఎంతమంది బాబూ?" అన్నాడు సూరయ్య.

"నాను, మా ఇంటిది, గుంట."

"గుంటకెన్నేళ్ళు?"

"ఎనిమిది నెల్లు. దానిక్కూడా సార్జీ ఏస్తావేటి?"

"రామరామ! మరి... అవతలోళ్ళు తిన్నగా అక్కడికే వొచ్చేస్తారా?"

"అవతలోళ్ళెవరు? ఎవరూ లేరు. నువ్వు ఈ మాట బజార్లో అనకు, అంతే."

"అర్థమైంది బాబూ. మొన్న ఇచ్ఛాపురం సావుకార్లు కూడా అచ్చం ఇలాగే అన్నారు."

వీడికి ఏం అర్థమైందో కాశీవిశ్వనాథానికి అర్థం కాలేదు. పిల్ల బరువుకు కూడా ఛార్జీ వేస్తాడేమోనని మాత్రం అనుమానపడ్డాడు.

సూరయ్యకు అర్థమైంది ఊరంతటికీ తెలిసినదే. పధ్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేస్తే ఇక్కడ నేరం. ఫ్రెంచివాళ్ళ యానాంలో ఆ చట్టం లేదు. అందుకని ఆ ఏడాది ముహూర్తాల రోజుల్లో చిన్నపిల్లలను వెంటబెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా యానాం వెళ్ళేవాళ్ళకు అక్కడ ఉండే పని ఒకటే. ఈ సంగతి కాశీవిశ్వనాథానికీ తెలుసు. కాని ఉయ్యాలలో ఉన్న పిల్లను చూసి పెళ్ళికూతురనుకునేవాళ్ళు ఉంటారని ఆయన ఊహకు అందలేదు.

బుల్లమ్మ ఊహకు అందింది. శుక్రవారం ఆవిడ అరుగు మీద కూర్చుని చూస్తూండగా ఆ ఇంట్లోకి మూడు పసుపు సంచులు వెళ్ళాయి. మధ్యాహ్నం దర్జీ చేతి వెడల్పున్న పట్టులంగా తెచ్చి ఇచ్చాడు. తరవాత కంసాలి వచ్చాడు.

"గుంటకి నల్లపూసలేటి కమలమ్మా, ఉన్నట్టుండి?" అంది బుల్లమ్మ.

"దిష్టికి."

"ఇంట్లో ఉండే గుంటకి దిష్టెవుడు పెడతాడే?"

కమల తడబడింది. లోపల నుంచి వింటున్న కాశీవిశ్వనాథానికి, బుల్లమ్మ కారెక్కడానికి దారి వెతుకుతోందని రూఢి అయింది. వచ్చి తలుపు వేసేశాడు. బుల్లమ్మకు కావలసిన జవాబు దొరికింది.

శనివారం ఉదయం వెంకటరమణమూర్తి దుకాణానికి వచ్చాడు. పెద్దబజారులో ఆయనదీ పసుపు కొట్టే. కాశీవిశ్వనాథం ఆయనను మామా అని పిలుస్తాడు, ఎదుట ఉన్నంతసేపూ కళ్ళు మాత్రం ఆయన చేతుల మీదే ఉంచుతాడు.

"కాశీ, యానాం ఎల్తన్నావంట. నాకు ముందుగా ఒక మాట సెప్పొద్దేటి?"

కాశీవిశ్వనాథం గల్లాపెట్టె మూసేశాడు. సూరయ్య కూసేశాడు! ఈయన కూడా కారెక్కి, ఫ్రెంచివాళ్ళ బజారులో పసుపు ధర చూసుకు వద్దామనుకుంటున్నాడన్నమాట.

"మా మనవడు శ్యామసుందర్‌ని ఎరుగుదువు గదా. ఆరేళ్ళోడు. అల్లరి లేదు. ఆణ్ణి కూడా సూడొచ్చు గదా?" అన్నాడు మూర్తి.

తాను రాకుండా మనవణ్ణి ఊరికే తిప్పి తెమ్మంటున్నాడా!

"కుదరదు మావా. ఇంక సోటు లేదు. మాటిచ్చీసినాను."

"ఎవుళికి?"

"ఎవుళికైతే ఏటి? ఇచ్చిన మాట ఎనక్కి తీసుకోను."

"మావోడైతే నీకు పైసా కర్సుండదు. అంతా మేవే పెట్టుకుంటాం."

ఆ మాటకు కాశీవిశ్వనాథం ఒక్క క్షణం మెత్తబడ్డాడు. వెంటనే తమాయించుకున్నాడు. మూర్తి ఖర్చు పెడతానన్నాడంటే అందులో ఏదో ఉంది.

"వొద్దు మావా."

మూర్తి లేచి కండువా దులుపుకున్నాడు. "సరేలే. పెద్దింటి సమ్మందమే కుదిరుంటాది" అని గొణుక్కుంటూ మెట్లు దిగాడు. అది కాశీవిశ్వనాథం చెవిన పడలేదు. ఆయన అప్పటికే సూరయ్యను ఏమనాలో ఆలోచిస్తున్నాడు.

సోమవారం ఉదయం కారు వాకిట్లోకి వచ్చింది. గిన్నెలు ఎక్కాయి, సంచులు ఎక్కాయి. వెనకసీటులో ఆయన తల్లి కూర్మమ్మ పట్టుచీర కట్టుకుని, ఒళ్ళో పెట్టెతో కూర్చుని ఉంది.

"నువ్వెందుకెక్కినావే అమ్మా?"

"నా మనవరాలి పెళ్ళికి నన్ను పిలవ్వేట్రా? ఊరంతా నన్నడుగుతుంటే తలెక్కడ పెట్టుకోను?"

"పెళ్ళేటి? ఎవుళి పెళ్ళి?"

"నాకాడ కూడా దాస్తావేట్రా! పసుపెల్లింది, పట్టెల్లింది, నల్లపూసలెల్లినాయి. మూర్తిగారి మనవణ్ణి కాదన్నావంట. పిల్లోడు ఇజీనారమోడంట గదా?"

కాశీవిశ్వనాథం కారు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. సూరయ్య ప్రశ్నలూ, బుల్లమ్మ చూపులూ, మూర్తి ఉదారతా ఒక్కసారిగా అర్థమయ్యాయి. "కమలేది?" అన్నాడు.

"పెళ్ళి మాట నా నోట ఇనగానే జట్కా ఎక్కి సికిటి ఎల్లిపోనాది, పుట్టింటికి. గుంటని సంకనేసుకుని. ఎల్తా ఎల్తా ఏటన్నాదో తెలుసా? నా కూతుర్ని నాకు తెలీకుండా ఇచ్చీసినాడు, అన్నాది."

చికిటిలో అత్తవారి ఇంటి గుమ్మానికి కమల అక్క గౌరి అడ్డంగా నిలబడి ఉంది. కమల ఆవిడ వెనక, పిల్లను గుండెకు అదుముకుని, ఏడ్చిన కళ్ళతో చూస్తోంది.

"పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు. ఒట్టు. కావాలంటే సూరయ్యనడుగు" అన్నాడు కాశీవిశ్వనాథం.

"అవునమ్మా. బాబుగారు పెళ్ళని నాతో ఒక్కసారి కూడా అన్లేదు. నానే అర్థం సేసుకున్నాను" అని సూరయ్య సాక్ష్యం చెప్పాడు.

"మరి ఎందుకు దాసినారు?" అంది కమల.

"కర్సు తగ్గుతాదని."

కమల ఆయన ముఖంలోకి చూసింది. ఈ మాట మాత్రం నిజమేననిపించింది. కాని గౌరి గుమ్మం వదల్లేదు.

"మా నాన్న కూడా మా అమ్మకి జాతరకనే సెప్పినాడు మరిదిగారూ. జాతరకని తీసికెల్లి నాకు పెళ్ళి సేసీసినాడు. అప్పుడు నాకైదేళ్ళు. ఏడో ఏట ఆ పిల్లోడు పోయినాడు. ఆడి మొకం కూడా నాకు గురుతులేదు. ఇప్పుడు నాకిరవయ్యారు."

ఎంత కోపంగా ఉన్న మనిషినైనా ఎంతో కొంత తగ్గించి ఒప్పించవచ్చని కాశీవిశ్వనాథం నమ్మకం. ఇక్కడ తగ్గించడానికి ఏమీ కనిపించలేదు.

"నువ్వేం సెయ్యమంటే అది సేస్తాను వొదినా. యానాం మానీమంటే మానేస్తాను" అన్నాడు చివరికి.

గౌరి చెల్లెలి వైపు చూసింది. కమల తల వంచుకుంది. ఇన్నేళ్ళకు ఒక దేశం చేతిదాకా వచ్చి జారిపోతోంది.

"మానక్కర్లేదు. నాను కూడా వొస్తాను. గుంట నా ఒళ్ళో ఉంటాది. దాని మెడకాడికి ఎవుడైనా దారప్పోగు తెచ్చినాడో, ఫ్రెంచి పోలీసైనా సరే, సెయ్యి కొరికీస్తాను" అంది గౌరి.

అలా ఇద్దరు పెద్దలూ, ఒక చంటిపిల్లా అనుకున్న ప్రయాణం నలుగురు పెద్దలైంది. పెళ్ళి లేదని ఎన్నిసార్లు చెప్పినా కూర్మమ్మ కారు దిగలేదు. దారి పొడుగునా గౌరి ఎవరినీ నమ్మలేదు. టెక్కలిలో బంధువులు పిల్లకు బొట్టు పెట్టబోతే ఎందుకని అడిగింది. తునిలో పురోహితుడొకడు ఊరికే పలకరించినందుకు పిల్లను కొంగు కింద దాచేసింది. కమల మాత్రం కిటికీలోంచి తల తీయలేదు. భీమిలి దగ్గర సముద్రం పక్కన కొండలు చూసి, ఇవి కూడా సూరయ్య బేరం లెక్కలోవేనా, వీటికి వేరే ఛార్జీ ఇవ్వాలా అని నవ్వింది.

యానాంలో జెండా వేరేగానే ఉంది. పోలీసు టోపీలూ వేరే. తక్కినదంతా మేళాలు. సత్రంలో అడుగుపెడుతూనే నలుగురు పిల్లను చూసి, "పెళ్ళికొడుకేడండీ?" అన్నారు. లేడంటే జాలిపడ్డారు. కమల పిల్ల పాదాలు గోదావరిలో ముంచి, పరాయి దేశం నీళ్ళు కూడా చల్లగానే ఉన్నాయంది. అది విని కాశీవిశ్వనాథానికి ఖర్చు గిట్టినట్టే అనిపించింది.

కాని తిరిగి వెళ్ళాక ఊరు నమ్మాలి కదా. సరుకు వెళ్ళినప్పుడే కాదు, అమ్మకుండా తిరిగి వచ్చినప్పుడూ కాగితం ఉండాలి. ఆయన గౌరిని వెంటబెట్టుకుని కచేరీకి వెళ్ళాడు.

"జరిగిన పెళ్ళికి కాగితం ఇస్తామండి. జరగని పెళ్ళికి కాగితం ఏమిటండి?" అన్నాడు అక్కడి గుమాస్తా.

"ఊరందరికీ జరిగినాయి బాబూ. జరగనిది మా ఒక్కళ్ళకే. దానికో గురుతుండాలి గదా?"

గుమాస్తా చాలాసేపు నవ్వి, పుస్తకం తిరగేసి, ఫ్రెంచిలో ఒక కాగితం రాసి, గుండ్రని ముద్ర వేసి ఇచ్చాడు. అందులో ఉన్నది తెలుగులో చదివి వినిపించాడు: బరంపురం కాపురస్తుడు కాశీవిశ్వనాథం కుమార్తె వాసవి పేర ఈనాటి వరకు ఇక్కడ ఏ వివాహమూ నమోదు కాలేదు. గౌరి రెండుసార్లు చదివించుకుంది. సత్రానికి తిరిగివచ్చి, మొదటిసారి తనంతట తానే పిల్లను కమల చేతికిచ్చి, రేవు గట్టు మీద కాసేపు ఒక్కతే కూర్చుంది.

బరంపురం చేరిన మర్నాడు కాశీవిశ్వనాథం ఆ కాగితాన్ని దుకాణంలో అందరికీ కనపడేట్టు పెట్టాడు. "ఇదిగో, మా గుంటకి పెళ్ళి కాలేదని ఫ్రెంచి సర్కారు రాసిచ్చింది. సూసుకోండి" అన్నాడు.

ఊళ్ళో ఫ్రెంచి వచ్చినవాడు లేడు. ఇంగ్లీషు వచ్చిన ప్లీడరు గుమాస్తాను మూర్తి స్వయంగా పిలుచుకువచ్చాడు. అతను అద్దాలు పెట్టుకుని, కూడబలుక్కుని, అందులో మూడే మాటలు పట్టుకోగలిగాడు: పిల్ల పేరు, తండ్రి పేరు, వివాహం.

"ఇంకా కాదంటావేటి కాశీ? ముద్ర కూడా ఏయించుకొచ్చినావు!" అన్నాడు మూర్తి.

"మావా, పెళ్ళి కాలేదనే అందులో..."

"తెలుసులేరా. సట్టం భయం. మేవెవుళికీ సెప్పం." అందరూ కన్ను గీటారు.

సాయంత్రానికి బుల్లమ్మ పసుపూ కుంకుమా పట్టుకువచ్చింది. మర్నాడు మూర్తి ఇంటి నుంచి పిల్లకు వెండిగిన్నె వచ్చింది. కాశీవిశ్వనాథం కాదన్నకొద్దీ వాళ్ళకు నమ్మకం గట్టిపడింది. కూర్మమ్మ ఒక్కతే అందరితోనూ నిజం చెప్పింది: "అంత దూరం ఎల్లి పెళ్ళి సెయ్యకుండా తిరిగొచ్చినాడు, నా కొడుకు!" ముసలావిడ గుట్టు భలే కాపాడుతోందని అందరూ మెచ్చుకున్నారు.

కాశీవిశ్వనాథం తల పట్టుకున్నాడు. కాగితం కోసం పడిన పాటంతా పిల్ల మెడకు చుట్టుకుంది. బజారులో దండోరా వేయిస్తానని కండువా తీసుకుని లేచాడు. ఇంకా చికిటి వెళ్ళని గౌరి, "కూసోండి మరిదిగారూ" అంది. "దీనికి పెళ్ళయిపోనాదని అందరూ నమ్మినట్టేనా?"

"నమ్మీసినారు వొదినా."

"మూర్తిగారు మనవణ్ణి తీసుకుని మళ్ళీ వొస్తారా?"

"ఎందుకొస్తాడు?"

"అయిదో ఏట గానీ, పదో ఏట గానీ ఇంకెవుడైనా సమ్మందం తెస్తాడా?"

కాశీవిశ్వనాథం కండువా పక్కన పెట్టి కూర్చున్నాడు. ఊళ్ళో ఏ తండ్రికీ దొరకని కాపలా తన పిల్లకు దొరికింది. పైగా దానికి జీతం లేదు.

"అప్ప సెప్పినట్టే సేద్దారండీ. గుంట బడికెల్లి సదువుకుంటాది" అంది కమల. ఆ కాగితాన్ని ఆవిడే మడిచి, తన పెట్టెలో చీరల అడుగున పెట్టుకుంది.

అప్పటి నుంచి అల్లుడెవరని అడిగినవాళ్ళకు కాశీవిశ్వనాథం చట్టం పేరు చెప్పి ఊరుకునేవాడు. మూర్తి పంపిన వెండిగిన్నెను వెనక్కి ఇస్తే అనుమానం వస్తుందని ఉంచేసుకున్నాడు. పిల్లకు పెళ్ళీడు వచ్చేసరికి ఆ కాగితం ఊరికి సరిగ్గా చదివి చెప్పడానికి ఫ్రెంచి వచ్చిన మనిషి ఒకడు కావాలి గాని, దానికి పదిహేనేళ్ళు గడువుంది కనుక ఇప్పటి నుంచే అడిగి వాడి ధర పెంచదలచుకోలేదు.