దుప్పటి కప్పుకున్న హాప్స్ తీగ

శనివారం ఉదయం యెర్నెయ్ పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ తాగి, నిచ్చెన వేసుకుని, ఇంటి ముందున్న, బీరులో చేదు కోసం వేసే హాప్స్ కాయల తీగ కొసలను తాడుకు ఒద్దికగా చుట్టి దిగిపోవాలి. మరునాడు చర్చిలో ప్రార్థన అయ్యాక రైతుల సంఘం అధ్యక్షుడు బొగొమీర్, ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని కాఫీకి వస్తానని కబురు పెట్టాడు. జూలై నెలలో అధ్యక్షుడు తనంతట తాను ఒకరింటికి వస్తానన్నాడంటే సావిన్యా లోయలో దానికి ఒకటే అర్థం. ఆ ఏటి హాప్స్ పెద్ద ఎవరో తేలబోతోందన్నమాట. ఆకుపచ్చ కోటు, పండుగ ఊరేగింపులో మొదటి బండి, ఏడాది పొడుగునా "పెద్దగారూ" అనే పిలుపు.

ఆ కోటు మీద తనకు ఆశ లేదని యెర్నెయ్ వారం రోజులుగా అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతున్నాడు. మూడేళ్ల కిందట మోకాళ్లు మొరాయించి, రోడ్డుకు అవతలున్న ఐదు హెక్టార్ల తోటను పక్కింటి విలి చేతికి ఇచ్చేశాడు. ఇచ్చే ముందు నడిమి వరుసలోంచి ఒక్క దుంప తవ్వి తెచ్చి, ఇంటి ముందు గుంజ పక్కన నాటుకున్నాడు. ఆయనకు మిగిలిన తోట అదే. తోట పోయాక కూడా ఊరు తనను హాప్స్ మనిషిగా లెక్కవేస్తుందా లేదా అన్నది ఆయన బెంగ. రేపు ఆ ముగ్గురూ కాఫీ తాగి వెళితే ఆ బెంగ తీరిపోతుంది.

నిచ్చెన ఎనిమిదో మెట్టు మీద ఆయన గుండె జారిపోయింది. ఆడ తీగయితే ఈపాటికి నూగు నూగుగా పిందెలు కనపడాలి. దీనికి కంకుల్లా మొగ్గల గుత్తులు వేలాడుతున్నాయి. అంటే ఇది మగ తీగ. ఒక్క మగ తీగ పూసిందంటే చుట్టుపక్కల తోటల్లో కాయలన్నీ గింజ కడతాయి. గింజ కట్టిన కాయను బీరు కాచేవాడు వేలితో కూడా ముట్టడు. అందుకే లోయలో ఏ వాగు గట్టున మగ తీగ కనపడినా వేళ్లతో సహా పీకి పారేస్తారు. పీకి తీరాలని సంఘం సమావేశాల్లో నలభై ఏళ్లు బల్ల గుద్ది చెప్పినవాడు యెర్నెయ్యే.

"ఏమయ్యా, పైనే బిగుసుకుపోయావేంటి? మోకాలు పట్టేసిందా?" కింద నిచ్చెన పట్టుకున్న భార్య ష్టెఫ్కా అడిగింది.

"ఏం లేదు. నీ గోళ్ల కత్తెర ఇలా ఇవ్వు."

"తీగకి గోళ్లు కూడా తీస్తావా?"

"అడక్కుండా ఇవ్వవే."

తీగను మొదలంటా కోసేస్తే పీడా పోయేది. కానీ రేపు వచ్చేవాళ్లకు ఉత్త గుంజ కనపడితే ఏమనుకుంటారు? అందుకని ఒక్కో గుత్తినీ కత్తిరించి జేబులో వేసుకోవడం మొదలుపెట్టాడు. అరగంటకు జేబులు నిండాయి గానీ తీగకు ఆ సంగతి తెలిసినట్టే లేదు. ఇంతలో పోస్ట్‌మ్యాన్ ఫెర్డో మోపెడ్ వచ్చి గేటు ముందు ఆగింది.

"ఏంటి పెద్దాయనా, జూలైలోనే కోతలా?"

"కోతలేంట్రా. ఆకు మీద ఏదో మచ్చ కనపడితే చూస్తున్నా."

నోరు జారితే తీసుకోలేం. హాప్స్ ఊళ్లో ఆకు మీద మచ్చ అంటే తెగులు. తెగులు సోకి తోటకు తోటే తగలబెట్టుకున్న ఏళ్లు అక్కడ ఎవరూ మరిచిపోలేదు. ఫెర్డో దిగకుండానే మోపెడ్‌ను రెండడుగులు వెనక్కి జరిపాడు. ఉత్తరాలు గేటు మీద పెట్టి, కాళ్లు దులుపుకుని వెళ్లిపోయాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదని ఊళ్లో అందరికీ తెలుసు.

కత్తిరించి లాభం లేదని యెర్నెయ్‌కు ఇప్పుడు తట్టింది. పుప్పొడి ఎగరకుండా కప్పెట్టాలి. "రెండు దుప్పట్లు ఇవ్వు. పెద్దవి" అన్నాడు. ష్టెఫ్కా మారు మాట్లాడకుండా లోపలికెళ్లి తెల్ల దుప్పట్లు తెచ్చి ఇచ్చింది. నలభై ఏళ్ల కాపురంలో ఆమె ఎందుకని అడగకుండా ఇచ్చిన మొదటి వస్తువు అదే. ఆయన మాత్రం అది గమనించే స్థితిలో లేడు.

పది గంటలకల్లా మచ్చ కాస్తా బేకరీ దగ్గర ఎండుతెగులైంది. చర్చి దగ్గరికి వచ్చేసరికి తీగ మొత్తం చచ్చిపోయింది. ఆ ఇంటి మీద తెల్లగుడ్డ వేలాడుతోందని విన్న ఊరి చివరివాళ్లు యెర్నెయ్యే పోయాడనుకున్నారు. ఒకావిడ పరామర్శకని కొవ్వొత్తి, అక్రోట్ల రొట్టె పట్టుకుని వచ్చింది. నిచ్చెన మీద మనిషి కదులుతుండడం చూసి, కొవ్వొత్తి సంచిలో దాచేసి, రొట్టె మాత్రం ఇవ్వాలా వద్దా అని కాసేపు నిలబడి పట్టుకెళ్లిపోయింది. తెగులు బూట్లకంటుకుని పాకకుండా ఎవరో గేటు దగ్గర తొట్టెలో మందునీళ్లు పోశారు. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, చివరికి ఫాదర్‌గారు కూడా అందులో బూట్లు ముంచి నడిచారు.

పదకొండున్నరకు బొగొమీర్ రానే వచ్చాడు, రేపటిదాకా ఆగకుండా, ఆ ఇద్దరితోనే. తోటలోంచి విలి పరుగెత్తుకొచ్చాడు. బొగొమీర్ ఎవర్నీ అడగకుండా నిచ్చెనెక్కి దుప్పటి లాగేశాడు. ఒక గుత్తి తుంచి కళ్లద్దాల కింద పెట్టి చూశాడు.

"తెగులూ లేదు, గిగులూ లేదు" అన్నాడు కిందికి దిగి. "మగ తీగ."

గేటు అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. యెర్నెయ్ చెవులు కందిపోయాయి.

"నేను నాటింది నడిమి వరుస దుంప" అన్నాడు. "నా చేత్తో తవ్వాను. నడిమి వరుసలో మగది ఎక్కణ్నుంచి వస్తుంది? నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎవరో మార్చేశారు." అంటూనే విలి వైపు చూశాడు. ఆ చూపు అందరూ చూశారు.

"నేనా బాబాయ్?" అన్నాడు విలి.

"మార్చింది నేను" అంది ష్టెఫ్కా. ఆప్రాన్‌కు చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "ఆ చలికాలమే నీ దుంపని ఎలకలు తినేశాయి. నువ్వేమో మోకాలు కోయించుకుని మంచం మీద ఉన్నావు. తోట పోయింది, కాలు పోయింది, ఇక ఇదీ పోయిందని నీకెలా చెప్పను? వాగు గట్టున ఒకటి కనపడితే తవ్వుకొచ్చి పెట్టా. ఆకు ఒకేలా ఉంది కదా అనుకున్నా. పోయినేడు పూయలేదు కూడా."

యెర్నెయ్‌కు కోపం రావాల్సిన చోట ఏడుపొచ్చింది. ఆమె చేతిని ఒక్కసారి గట్టిగా పట్టుకుని వదిలాడు. షెడ్డులోకి వెళ్లి కొడవలి తెచ్చి, అందరూ చూస్తుండగా మోకాలి మీద వంగలేక వంగి, తీగను మొదలంటా కోసేశాడు. అంత తీగా తాడుతో సహా ఆయన మీదే కూలింది. విలి వచ్చి ఆయన్ని అందులోంచి బయటికి లాగాడు.

"సోమవారం నేనే వచ్చి చెబుదామనుకున్నా బాబాయ్" అన్నాడు చొక్కా మీది ఆకులు దులుపుతూ. "పోయిన వారమే చూశా. మొగ్గ విచ్చుకోడానికి ఇంకా మూడు నాలుగు రోజులుంది. ఆదివారం మీ ఇంటికి వస్తున్నారు కదా, ఉత్త గుంజ ఏం బావుంటుందిలే అని ఊరుకున్నా."

"నిన్ను దొంగన్నాను."

"చూపుతోనేలే."

బొగొమీర్ గొంతు సవరించుకున్నాడు. "యెర్నెయ్, ఎలాగూ వచ్చాం కాబట్టి రేపటి మాట ఇప్పుడే అడిగేస్తా. ఈ ఏడు విలిని పెద్దని చేద్దామనుకుంటున్నాం. ఆ తోట వాడి చేతిలో పెట్టినవాడివి నువ్వు. మన లోయలో హాప్స్ గురించి ఎవరి మాట చెల్లుతుందంటే నీదే. మనిషి ఎలాంటివాడు?"

యెర్నెయ్‌కు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. కాఫీ తన కోసం కాదు. ఆకుపచ్చ కోటు కళ్ల ముందు నుంచి నడుచుకుంటూ విలి భుజాల మీదికి వెళ్లిపోయింది. బాధగానే ఉంది, దాచుకోలేదు కూడా. కానీ అడగడానికి ఊరు తన గుమ్మానికే వచ్చింది, గుంజకు తీగ లేకపోయినా సమాధానం కోసం ఎదురుచూస్తోంది. ఆయన వీపు నిటారైంది.

"మనిషి బంగారం" అన్నాడు. "పెద్దరికానికి అన్ని విధాలా తగినవాడు." ఆగి, నేల మీద పడున్న తీగ వైపు చూశాడు. "కాకపోతే మగ తీగను కళ్లారా చూసి వారం రోజులు సంఘానికి చెప్పకుండా దాచాడు, ఆ సంగతి కూడా రాసుకోండి."